ఇంజన్ లేకపోయినా సరే, గంట ఉండాలి

పోయిన నెల ఇంటిల్లిపాదీ నీలగిరి కొండ రైలెక్కి వచ్చాం. సికింద్రాబాద్‌లో దిగిన మర్నాడే మెట్టుగూడలో మా పెద్దనాయన ఇంటికి వెళ్ళాను. ఆయన రైల్వేలో ముప్పై ఏళ్ళ పైచిలుకు పనిచేశాడు. మీటర్ గేజ్ రోజుల్లో, మేడ్చల్ దాటాక ఉన్న ఒక చిన్న స్టేషన్‌లో పట్టాలను ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్ళించే పాయింట్స్‌మన్‌గా చేరి, తర్వాత చాలా కాలం సిగ్నల్ క్యాబిన్‌లో లీవర్లు లాగాడు. కొండ రైలు ఫొటోలు చూపిస్తే సంబరపడతాడనుకున్నాను. ఫోన్‌లో నూట యాభై దాకా ఉన్నాయి. ఇంజన్ పొగ, ఇంజన్ చక్రాలు, ఇంజన్ పక్కన మా పిల్లలు, హిల్‌గ్రోవ్‌లో ఇంజన్‌కు నీళ్ళు పడుతుండగా తీసిన వీడియో.

ఆయన కళ్ళజోడు సవరించుకుని ఓ పది చూశాడు. ఫోన్ తిరిగి నా చేతిలో పెట్టి, "ఇంజన్ మంచిగనే ఉంది బిడ్డా. లైన్ క్లియర్ ఎట్ల ఇచ్చిండ్రు?" అన్నాడు.

నేను చూడలేదు. దాదాపు ఐదు గంటలు ఆ బండిలో కూర్చున్నాను. స్టేషన్లు వచ్చాయి, ఆగాం, టీ తాగాం, మళ్ళీ కదిలాం. ప్రతిచోటా మా బండి కదలడానికి ఎవరో ఒకరు సరేనని ఉంటారు. ఆ సరే ఏ రూపంలో వచ్చిందో, ఎవరి నుంచి ఎవరికి చేరిందో నా నూట యాభై ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ లేదు.

అప్పటి నుంచి ఇదే ఆలోచన. పాత రైలును కాపాడుకోవడమంటే ఇంజన్‌ను కాపాడుకోవడమే అన్నట్టు ఉన్నాం మనం. ఏ రైల్వే ఆఫీసు ముందో, ఏ పార్కులోనో సిమెంటు దిమ్మె మీద నల్లరంగు వేసిన ఇంజన్ కనిపిస్తే చాలు, వారసత్వం భద్రంగా ఉందనుకుని ఫొటో దిగి వచ్చేస్తాం. నాకు మాత్రం పాత రైలులో అన్నిటికంటే ముందు దాచుకోవలసింది సిగ్నల్ పని అనిపిస్తోంది. క్యాబిన్, లీవర్లు, సిగ్నల్ తీగలు, టోకెన్ యంత్రం, రెండు స్టేషన్ల మధ్య మోగే గంట. ఇవన్నీ పనిచేస్తూ ఉండాలి, వాటితో పనిచేయడం వచ్చిన మనుషులు ఉండాలి. ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతుందంటే, ఇంజన్‌ను వదిలేసి గంటను దాచమంటాను.

ఇంజన్‌కు కళ్ళు లేవు

నీలగిరి లైన్ గురించి అందరికీ తెలిసినవి మళ్ళీ చెప్పను. నన్ను వదలని సంగతి ఒకటుంది. మెట్టుపాళయం నుంచి కూనూరు దాకా ఇంజన్ బండికి వెనక ఉంటుంది. పెట్టెల్ని పైకి నెడుతుంది. కల్లార్ దాటాక పట్టాల మధ్య పళ్ళ కడ్డీ మొదలవుతుంది. అక్కడి నుంచి సుమారు పన్నెండు అడుగులకు ఒక అడుగు చొప్పున ఎత్తు ఎక్కాలి. అంత ఏటవాలులో పెట్టెల్ని కలిపే కప్లింగ్ తెగితే పెట్టెలు లోయలోకి జారిపోకుండా, ఇంజన్ ఎప్పుడూ పల్లం వైపే ఉండాలని పెట్టుకున్న కట్టుబాటు అది.

దాంతో డ్రైవరుకు ముందు దారి కనబడదు. మలుపు తర్వాత మలుపు, సొరంగం తర్వాత సొరంగం. పట్టాల మీద బండరాయి పడిందో, ఏనుగు నిలబడిందో ఆయనకు తెలియదు. దారిని చూసేది ముందు పెట్టె కొసన నిలబడ్డ బ్రేక్స్‌మన్. ప్రతి పెట్టె మీదా ఒక బ్రేక్స్‌మన్ ఉంటాడు. ముందతను పచ్చజెండా చూపిస్తే వెనకతను అది చూసి తన జెండా చూపిస్తాడు, అతన్ని చూసి ఆ వెనకతను. అలా జెండా పెట్టె నుంచి పెట్టెకు నడిచి ఇంజన్ దాకా వస్తుంది. ఇంజన్ వైపు నుంచి కబురు కూతల్లో వస్తుంది. ఆ కూతను బట్టి బ్రేకు బిగించాలో వదలాలో వీళ్ళకు తెలుస్తుంది.

మా పెట్టె మీద ఉన్నతను నడివయసు మనిషి. ప్రయాణికుడొకాయన ఫొటో కోసం కొంచెం పక్కకు జరగమని రెండుసార్లు అడిగాడు. అతను తల తిప్పలేదు, జవాబు చెప్పలేదు. కళ్ళు ముందు పెట్టె వైపే ఉన్నాయి. అక్కడ జెండా లేచింది, ఇతని చెయ్యి లేచింది. మధ్యలో రెప్పపాటు కూడా లేదు. అప్పుడు నాకు ఆ మనిషి తీరు కటువుగా అనిపించింది. పెద్దనాయన ప్రశ్న విన్నాక, నేను ఆ రోజు చూసిన వాటన్నిటిలోకీ విలువైనది ఆ చెయ్యేనని తెలిసొచ్చింది. దాని ఫొటో నా దగ్గర లేదు.

ఇంజన్ గొప్పది కాదని నేననడం లేదు. ఆ ఎక్స్ క్లాస్ ఇంజన్లు మొదట స్విట్జర్లాండ్‌లోని వింటర్‌తూర్‌లో తయారయ్యాయి. నాలుగు సిలిండర్లు. మామూలు పట్టా మీద రెండే పనిచేస్తాయి. పళ్ళ కడ్డీ రాగానే ఆ రెండింటిలో వాడిన ఆవిరినే మిగతా రెండింటికి పంపి పళ్ళ చక్రాన్ని తిప్పుతారు. ఎవరి ఆలోచనో గానీ చేతులెత్తి మొక్కాలి. కానీ తిరుచిరాపల్లి దగ్గరి గోల్డెన్ రాక్ వర్క్‌షాప్‌లో మనవాళ్ళు ఆ తరహా ఇంజన్లను కొత్తగా కట్టారు. ఇంజన్‌ను మళ్ళీ కట్టుకోవచ్చన్నమాట. డ్రాయింగులు, మంచి పనివాళ్ళు, డబ్బు ఉంటే చాలు. జెండా లేచిన క్షణంలోనే చెయ్యి లేచే అలవాటును డ్రాయింగు చూసి కట్టలేం. చేసేవాడి పక్కన నిలబడి నేర్చుకోవలసిందే. మధ్యలో ఒక్క తరం తప్పిపోయినా అంతే సంగతులు.

చెంచా, స్టీలు గ్లాసు

ఆ రోజు పెద్దమ్మ జొన్నరొట్టెలు చేస్తోంది. పెద్దనాయన చెంచా తీసుకుని తన ముందున్న స్టీలు గ్లాసు మీద ఒక్క దెబ్బ కొట్టి నా వైపు చూశాడు. నేను ఊరికే కూర్చున్నాను. మళ్ళీ కొట్టాడు. "నువ్వు తిరిగి కొట్టాలె," అన్నాడు. నేనూ నా గ్లాసు మీద ఒకటి కొట్టాను.

రెండు స్టేషన్ల మాస్టర్ల మధ్య నడిచే మాట అది. ఒక దెబ్బ కొడితే 'పిలుస్తున్నాను, విను' అని. రెండు కొడితే 'లైన్ క్లియరా?' అని. మూడంటే బండి బయల్దేరింది. నాలుగంటే వచ్చి చేరింది. ఆరంటే దారిలో ఆపద ఉంది, ఏదీ పంపొద్దు. ఎన్ని దెబ్బలు వినబడ్డాయో అన్నీ అవతలివాడు తిరిగి కొట్టాలి. "విన్న అంటే ఒప్పుకోం. ఏం విన్నవో కొట్టి చూపెట్టు," అన్నాడు పెద్దనాయన. మా ఆఫీసులో రోజుకు వంద మెయిళ్ళకు 'నోటెడ్' అని జవాబిస్తాం. ఏం నోట్ చేసుకున్నామో ఎవరూ అడగరు.

సింగిల్ లైన్ మీద గంట ఒక్కటే చాలదు కాబట్టి టోకెన్ ఉండేది. బాల్ టోకెన్‌ను ఆయన గుండు అంటాడు. చేతిలో పట్టేంత లోహపు గుండు. ఏ రెండు స్టేషన్ల మధ్య దారికి సంబంధించిందో ఆ పేర్లు దాని మీద చెక్కి ఉంటాయి. రెండు స్టేషన్లలోనూ ఒక్కో యంత్రం. అవతలివాడు ఒప్పుకుంటే తప్ప ఇవతలి యంత్రం గుండును వదలదు. ఒకటి బయటికొచ్చిందంటే, అది ఈ యంత్రంలోనో ఆ యంత్రంలోనో తిరిగి పడేదాకా రెండోది రాదు. గుండు ఎవరి దగ్గరుంటే దారి వాళ్ళది. కాల్కా–సిమ్లా లైన్ మీద ఈ నీల్స్ టోకెన్ యంత్రాల పేరు వినే ఉంటారు. మన చుట్టుపక్కల మీటర్ గేజ్ ఉన్నన్నాళ్ళూ ఇది రోజువారీ పనే.

ఆగకుండా పోయే బండికి గుండును ఎలా అందించేవారో ఆయన లేచి నిలబడి చూపించాడు. పెద్ద బెత్తపు రింగు, దానికి తోలు సంచి, సంచిలో గుండు. పాయింట్స్‌మన్ ప్లాట్‌ఫాం చివర నిలబడి రింగును పైకెత్తి పట్టుకుంటాడు. ఇంజన్ మెట్టు మీద వేలాడుతున్న ఫైర్‌మన్, అంటే బొగ్గు వేసే మనిషి, దాంట్లోకి చెయ్యి దూర్చి లాక్కుపోతాడు. అంతకుముందే తన దగ్గరున్న పాత రింగును కింద పడేస్తాడు. రాత్రిపూటైతే కాగడా వెలిగించుకుని నిలబడాలి. విసిరిన రింగు తగిలిన మచ్చ ఆయన ఎడమ మోచేతి కింద ఇప్పటికీ ఉంది. చూపిస్తున్నప్పుడు చెయ్యి తనంతట తానే అదే ఎత్తుకు లేచింది. ఎనభై ఏళ్ళకు దగ్గరపడ్డ మనిషి.

ఆ ఇంటికి తాళంచెవి ఒక్కటే ఉంటుంది. రెండోది చేయించుకోమని మా అన్న ఎన్నిసార్లు చెప్పినా పెద్దనాయన ఒప్పుకోలేదు. ఎందుకో నాకు ఇన్నాళ్ళకు అర్థమైంది.

తీగ తెగితే చెయ్యి లేవాలి

లీవర్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా వాదనంతా ఇక్కడే ఉంది. పాతరకం సిగ్నల్‌కు ఎర్రటి చెయ్యి ఉంటుంది. అడ్డంగా ఉంటే ఆగాలి, కిందికి వాలితే పోవచ్చు. క్యాబిన్‌లో లీవరు లాగితే, పట్టాల పక్కనే కప్పీల మీదుగా పోయే తీగ ఆ చేతిని కదిలిస్తుంది. స్టేషన్‌కు బాగా దూరంగా ఉండే అవుటర్ సిగ్నల్ తీగ కిలోమీటరుకు దగ్గరగా ఉండేదట. ఒక కాలు ఫ్రేముకు తన్నిపెట్టి, ఒంటి బరువంతా వెనక్కి వేసి లాగితేగాని వచ్చేది కాదు. మే నెలలో తీగ ఎండకు సాగి, ఎంత లాగినా చెయ్యి సగమే వాలేది. సగం వాలిన చెయ్యి చూసి డ్రైవరు తనకు నచ్చిన అర్థం తీసుకోవడానికి లేదు. సరిగా కనబడని సిగ్నల్ అంటే ఆగమనే అర్థం.

సిగ్నల్ స్తంభం దగ్గర ఒక బరువు వేలాడుతుంటుంది. తీగ తెగిపోతే ఆ బరువు కిందికి దిగి చేతిని పైకి, అడ్డంగా నిలబెడుతుంది. వస్తువు పాడైతే ప్రమాదం జరగకూడదు, బండి ఆగిపోవాలి. దీనికి కరెంటు లేదు, కంప్యూటరు లేదు. చెయ్యి వాలి ఉండటానికి మనిషి లాగుతూ ఉండాలి, ఆగమని చెప్పడానికి భూమి ఆకర్షణ చాలు. ఇంత పెద్ద ఆలోచన ఒక ఇనుప దిమ్మలో ఉంది. చిన్నప్పుడు ఆ దిమ్మల పక్క నుంచే నడిచి వెళ్ళేవాళ్ళం, అవి ఎందుకున్నాయో ఒక్కరూ చెప్పలేదు.

రాత్రి సిగ్నల్ సంగతీ అంతే. కిరోసిన్ దీపం మంట పసుపు. దాని ముందుకు నీలం కలిసిన అద్దం వస్తేనే దూరం నుంచి పచ్చగా కనబడుతుంది. దీపం వెనక వైపు చిన్న కంత ఉంటుంది. క్యాబిన్ వైపుకు ఆ కంతలోంచి వెలుగు కనిపిస్తే దీపం వెలుగుతోందని లెక్క.

అన్నిటికంటే ముఖ్యమైంది ఇంటర్‌లాకింగ్. ఇంగ్లండ్‌లో జాన్ సాక్స్‌బీ 1856లో పేటెంటు తీసుకున్న నాటి నుంచి మూలసూత్రం ఒకటే. పాయింట్లు, అంటే దారి మళ్ళించే పట్టాలు, స్టేషన్‌లోని పక్క దారికి, అంటే లూప్ లైనుకు పెట్టి ఉండగా మెయిన్ లైన్ సిగ్నల్ ఇవ్వాలని చూస్తే లీవరు కదలదు. కింద ఇనుప కడ్డీలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. పెద్దనాయన కొత్తలో ఒకసారి నిద్రమత్తులో తప్పు లీవరు పట్టుకుని బలంగా లాగాడట. భుజం పట్టేసింది. పక్కనున్న పాత లీవర్‌మన్ తిట్టలేదు, "రానప్పుడు లాగొద్దు, ఎందుకొస్తలేదో చూడు," అన్నాడట. యాభై ఏళ్ళ తర్వాత అదే గొంతుతో నాకు చెప్పాడు.

"పోయింది మంచిదే అయింది"

ఇవన్నీ విని ఉత్సాహం పట్టలేక, ఇలాంటి క్యాబిన్ ఒకటి హైదరాబాద్‌లో పనిచేసేలా పెడితే ఎంత బాగుంటుందని అన్నాను. ఆయన ముఖం మారిపోయింది.

"నువ్వు ఒక్క దినం చూసి పోతవు. వానల దీపం పట్టుకొని నిచ్చెన ఎక్కింది మేం. పన్నెండు గంటల డ్యూటీ. నీ అన్న పుట్టినప్పుడు నేను క్యాబిన్ల ఉన్న. అది పోయింది మంచిదే అయింది," అన్నాడు.

రెండు మూడు రోజులు ఈ మాట నన్ను పట్టి పీడించింది. ఆయన నడుంనొప్పి, భుజంనొప్పి మా ఇంట్లో అందరికీ తెలిసినవే. ఇంకొకరి కష్టాన్ని ఆదివారం పూట టికెట్ పెట్టి చూపించడం తప్పేమో. రిటైరైన ఇంజనీర్లు, సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు సరదాగా ఓ గంట లీవర్లు లాగి ఇంటికెళ్ళిపోతే, జీవితమంతా లాగినవాడికి అది అవమానం కాదా? దీనికి నా దగ్గర పూర్తి జవాబు ఇప్పటికీ లేదు.

అయినా ఒకటి అనిపిస్తోంది. ఆ కష్టాన్ని ఎక్కువగా దాచేస్తున్నది దిమ్మె మీది ఇంజనే. దాన్ని చూస్తే ఎవరి నడుమూ గుర్తుకు రాదు. రంగు, రాగి గొట్టాలు, రాజసం కనిపిస్తాయి. మన నిజాం రైల్వే చరిత్ర అంటే కూడా అంతే, వైభవం ఒక్కటే చెప్పుకుంటాం. ఆ రైలు పెట్టుబడికి హామీ పడ్డది హైదరాబాద్ ఖజానా, అంటే ఇక్కడి రైతు కట్టిన శిస్తు. 1883లో చాందా (నేటి చంద్రపూర్) రైల్వే పథకం మీద ప్రశ్నలు లేవనెత్తినవారిలో ఒకరైన అఘోరనాథ చటోపాధ్యాయను, సరోజినీ నాయుడి తండ్రిని, రాజ్యం నుంచి పంపించేశారు. ఈ సంగతి ఏ ఇంజన్ పక్కన బోర్డు మీదా నేను చదవలేదు. క్యాబిన్‌లో నిలబడి అవుటర్ లీవరు ఒక్కసారి లాగి చూసినవాడికి మాత్రం, దీన్ని రాత్రంతా లాగిన మనిషి ఎవరు, ఎంత జీతానికి అన్న ప్రశ్న రాక తప్పదు.

ఆవిరి లేకపోతే ఎవరొస్తారు?

ఇది మా ఇంట్లోనే వచ్చిన అభ్యంతరం. పిల్లలు పొగ కోసం వస్తారు, కూత కోసం వస్తారు, ఇనుప లీవరు చూడడానికి ఎవరొస్తారని. నిజమే. 1855 నాటి ఫెయిరీ క్వీన్ ఇంజన్‌ను 1997లో మళ్ళీ పట్టాలెక్కించినప్పుడు లోకమంతా చూసింది. హర్యానాలోని రేవాడి షెడ్‌లో ఆవిరి ఇంజన్లను బతికించి ఉంచారు, అది ఎంత పెద్ద పనో తెలిసి కూడా చిన్నబుచ్చలేను. బ్రాడ్ గేజ్ మీద ఆవిరి 1995లో ముగిసింది. అప్పుడు ఇరవై ఏళ్ళున్న ఫైర్‌మన్‌కు ఇప్పుడు యాభై దాటాయి.

కానీ ఇంజన్ నడపడంలో నిజంగా దాచుకోవలసింది పొగ కాదని అసలు నడిపినవాళ్ళే చెబుతారు. పెద్దనాయన పక్కింట్లో ఒక రిటైర్డ్ డ్రైవరు ఉన్నారు, ఫైర్‌మన్‌గా చేరి పైకొచ్చిన మనిషి. నా ఫొటోల్లో నల్లటి పొగ చూసి పెదవి విరిచారు. "నల్లపొగ వచ్చిందంటే బొగ్గు సరిగ్గా కాలలేదని. ఫొటోకు బాగుంటుందేమో గానీ, మాకు తలవంపులు," అన్నారు. బొగ్గు మండే ఫైర్‌బాక్స్ పైకప్పులో సీసం బిరడా ఒకటి ఉంటుందని ఆయనే చెప్పారు. బాయిలర్‌లో నీళ్ళు తగ్గి పైకప్పు తేలితే సీసం కరిగిపోతుంది, ఆవిరి మంట మీదికి దూకుతుంది. సిగ్నల్ దగ్గర వేలాడే బరువు, ఈ సీసం బిరడా ఒకే మాట చెబుతున్నాయి. బిరడా కరిగేదాకా తెచ్చుకున్న సిబ్బంది ముఖం ఎత్తుకోలేకపోయేవాళ్ళట. గాజు గొట్టంలో నీటి మట్టం మీద ఒక కన్ను ఎప్పుడూ ఉండాలి. ఇంజన్‌లోనూ అసలు పని ఈ జాగ్రత్తే, చప్పుడు కాదు.

బ్రిటన్‌లో స్వచ్ఛందంగా పాత లైన్లు నడపడం 1951లో తాలిలిన్ రైల్వేతో మొదలైంది, 1960లో బ్లూబెల్ రైల్వే తోడైంది. అలాంటి లైన్లలో డ్రైవరు కావాలని వచ్చినట్టే సిగ్నల్‌మన్ కావాలనీ జనం వస్తారు. రూల్సు చదివి, పరీక్ష పాసై, పెద్దవాళ్ళ పక్కన నిలబడి నేర్చుకుంటేగాని లీవరు ముట్టుకోనివ్వరు. చూసేవాళ్ళు ఎందుకొస్తారన్న ప్రశ్నకు అది జవాబు. చెయ్యనిస్తే వస్తారు. మా చిన్నవాడు కొండ రైల్లో గంటసేపట్లో నిద్రపోయాడు. గ్లాసు మీద గంట కొట్టే ఆట మాత్రం నేను నేర్పింది మొదలు వదలడం లేదు, వాళ్ళక్క పక్కగదిలోంచి తిరిగి కొట్టకపోతే ఊరుకోడు.

నేను అడుగుతున్నది పెద్దదేం కాదు. అర కిలోమీటరు పట్టా, రెండు కొసల్లో రెండు చిన్న స్టేషన్లు, ఒక లూప్, నాలుగు సిగ్నళ్ళు, ఒక లీవర్ ఫ్రేము, ఒక జత టోకెన్ యంత్రాలు. ఇంజన్ దొరికితే సంతోషం. దొరక్కపోతే పుష్ ట్రాలీ చాలు. నలుగురు తోసే ట్రాలీకి కూడా గుండు ఇవ్వందే కదలనివ్వకూడదు, లైన్ క్లియర్ లేందే గుండు రాకూడదు. ఆ నియమం ఉంటే అది రైలే. నియమం లేకుండా తోటలో గుండ్రంగా తిరిగే ఆవిరి ఇంజన్ నా దృష్టిలో బొమ్మే.

వాడి జంక్షన్ లైన్ మీద

సిగ్నల్ విభాగంలో పనిచేసే ఒక మిత్రుడితో ఇదంతా చెబితే, "సూత్రం ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్‌లో ఉంది. కరెంటు పోతే తన బరువుతో తానే పడిపోయే రిలే అనే స్విచ్చులో ఉంది. పాత ఇనుము మీద ఎందుకింత మమకారం?" అన్నాడు. ఆయన మాటకు బలముంది. సికింద్రాబాద్ నుంచి కర్ణాటకలోని వాడి జంక్షన్‌కు 1874లో పడ్డ దారి మీదే, లింగంపల్లి–వికారాబాద్ మధ్య బళ్ళు ఢీకొనకుండా వాటంతట అవే ఆగేలా చేసే కవచ్ పరీక్షలు జరిగాయి. 2022 మార్చి 4న గుల్లగూడ–చిట్టిగిద్ద మధ్య, ఎదుట ఇంకో ఇంజన్ నిలబడి ఉండగా, రైల్వే మంత్రి ఎక్కిన ఇంజన్ 380 మీటర్ల దూరంలో తనంతట తానే ఆగింది. దేశం మొత్తానికి సిగ్నల్ పని నేర్పే ఇరిసెట్ 1957 నుంచి సికింద్రాబాద్‌లోనే ఉంది. మన ఊరి మొదటి రైలు దారి, దేశపు కొత్త రక్షణ ఒకే పట్టాల మీద కలిశాయి. నడిచే లైన్ల మీద మళ్ళీ తీగలు కట్టమని ఎవరూ అడగరు, నేనూ అడగను.

కానీ 2023 జూన్ 2న ఒడిశాలోని బహనాగా బజార్‌లో ఏం జరిగిందో మనకు తెలుసు. సిగ్నల్ మెయిన్ లైనుకు పడింది, పాయింట్లు లూప్ లైనుకు ఉన్నాయి. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఆగి ఉన్న గూడ్సు మీదికి వెళ్ళింది. సిగ్నల్ సర్క్యూట్ మార్పుల్లో జరిగిన లోపాల వల్లనని విచారణలో తేలింది. పాత లీవర్లుంటే అది జరిగేది కాదని చెప్పడం నా ఉద్దేశం కాదు, పాత రోజుల ప్రమాదాలు తక్కువేం కావు. నేను అడిగేదల్లా ఇది: రేపు ఆ వైర్లు కలపబోయే కుర్రవాడు లేదా అమ్మాయి ఒక్కసారైనా రాని లీవరు లాగి చూసి ఉండాలి కదా? తెర మీద ఎర్రగా వచ్చే అక్షరాలు చూడడం వేరు. నీ చెయ్యి అడ్డుకున్న ఇనుము నీ భుజానికి తెలియడం వేరు. "రానప్పుడు లాగొద్దు" అన్న మాట ఎందుకు పుట్టిందో ఒంటికి తెలిసినవాడు, వైరు మార్చేటప్పుడు ఒక్క నిమిషం ఎక్కువ ఆగుతాడని నా నమ్మకం. రుజువు చూపించలేను. పెద్దనాయనను చూసి అంటున్నాను.

ఇంకో సంగతి. యంత్రాలు పోయినా వాటి మాటలు మన తెలుగులో ఉండిపోయాయి. ఏ ప్రాజెక్టుకైనా అనుమతి వస్తే పేపర్లో 'లైన్ క్లియర్' అని హెడ్డింగు. కూడలిలో ఇప్పటికీ 'సిగ్నల్ పడింది' అంటాం, పడడానికి అక్కడ చెయ్యి ఏమీ లేకపోయినా. బండి మౌలాలి దగ్గర ఆగితే 'అవుటర్‌లో పెట్టాడు' అని ఇంటికి ఫోన్ చేస్తాం. కొత్త రంగుల సిగ్నళ్ళ పద్ధతిలో అవుటర్ అనే సిగ్నలే లేదు. మాట మిగిలి వస్తువు పోతే, ఇంకో తరానికి ఆ మాట దేనికి పుట్టిందో చెప్పేవాళ్ళు ఉండరు. ఆ వస్తువు ఒక్కటైనా పనిచేస్తూ ఈ ఊళ్ళో ఉండాలని నా కోరిక.

నిన్న మళ్ళీ మెట్టుగూడ వెళ్ళాను. ఇదంతా రాస్తున్నానని చెబితే పెద్దనాయన అవుననలేదు, కాదనలేదు. అన్నం తిన్నాక చెంచా ఆయనే నా ముందుకు జరిపాడు. నేను ఒకటి కొట్టాను, ఆయన ఒకటి కొట్టాడు. రెండు కొట్టాను, రెండు కొట్టాడు. లైన్ క్లియర్. మూడు కొట్టాను, మూడు వచ్చాయి. బండి బయల్దేరింది. నాకు హుషారొచ్చి, ఇంకో బండి పంపుదామని వెంటనే మళ్ళీ పిలిచి, రెండు కొట్టాను.

ఆయన కొట్టలేదు. గ్లాసు మీద అరచెయ్యి కప్పి కూర్చున్నాడు. నేను ఇంకోసారి రెండు కొట్టాను. చెయ్యి తియ్యలేదు.

"ఏమైంది పెద్దనాయనా?"

"నాలుగు కొట్టిన్నా నేను?" అన్నాడు. "ముందు బండి ఇంక రాలేదు."